తిరిగి చెప్పండి

డాక్టర్ శాంతికుమారి సోమవారం నుంచి పూర్తిగా మారిపోయారు.

అంతకుముందు మందులు రాసేసి "నెక్స్ట్" అనేవారు. రోగులతో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణకి రెండు రోజులు విశాఖపట్నం వెళ్ళొచ్చారు. ఇప్పుడు కుర్చీ చూపిస్తున్నారు, నవ్వుతున్నారు. తేలిక మాటల్లో విడమరిచి చెప్పి, చెప్పిందంతా పేషెంటు చేతే తిరిగి చెప్పిస్తున్నారు. చెప్పగలిగితే నర్సు బిందుమాధవి ఫారంలో టిక్కు పెడుతుంది. ఇంత ముచ్చటగా సాగితే అనకాపల్లి ఎండలో ఓపీ లైను గేటు దాకా పాకదూ మరి.

"గుల్జార్‌బీ" అని కేకేసింది బిందుమాధవి.

తల మీదికి కొంగు లాక్కుంటూ ఒకావిడ వచ్చి, చీటీ, ఫైలూ బల్ల మీద పెట్టింది. డాక్టరుగారు నవ్వుతూ కూర్చోమన్నారు. ఫైలు తిరగేశాక ఆ నవ్వు సగమైంది. షుగరు మూడువందల ఎనభై. ఎడమకాలి బొటనవేలికి పుండు.

"నానొక మాట సెప్పాలమ్మా" అంది ఆవిడ.

"చెబుదురుగాని. ముందు నేను చెప్పేది వినండి. మధ్యలో మాట్లాడితే మర్చిపోతారు."

ఆవిడ బుద్ధిగా తలూపింది.

"పుండు ఇంకా ముదిరితే వేలు తీసెయ్యాల్సి వస్తుంది."

ఆవిడ కుర్చీ అంచుకి జరిగింది. "ఏలు పోతే కుట్టుమిషను తొక్కడం ఎలాగమ్మా? ఇల్లు గడిసేది దాని మీదే."

"అందుకేగా ఇంత చెబుతున్నాను. ఈ వారం నా మాట తప్పకుండా పాటిస్తే వేలు దక్కే అవకాశం ఉంది."

ఇన్సులిన్ ఏ పూట ఎన్ని యూనిట్లో లెక్క చెప్పారు. బొమ్మ గీసి మరీ సూది ఎక్కడ పొడుచుకోవాలో చూపించారు. పుండు జాగ్రత్తలు చెప్పారు. తిండి సంగతి చెప్పారు. పది నిమిషాలు గడిచాయి.

"అమ్మా, నానేటంటే..."

"అయిపోవచ్చిందండీ. ఇప్పుడు నేను చెప్పినవన్నీ తిరిగి చెప్పండి."

ఆవిడ ఓసారి గుమ్మం వైపు చూసింది. తర్వాత వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది.

"సూది పొద్దున్న పదారు, సాయంత్రం పది. తిండికి అరగంట ముందు పొడవాల. ఇంట్లో కూడా సెప్పులు ఇప్పకూడదు. పుండుకి పసుపు రాయకూడదు. ఏణ్ణీళ్ళ కాపడం పెట్టకూడదు. పంచదార మానేసేను కదా అని టీలో మనూరి బెల్లం ఏసుకోకూడదు. అదీ సుగరే."

ఒక్క ముక్క పోలేదు. డాక్టరుగారికి కడుపు నిండిపోయింది. పొద్దున్నుంచి వచ్చిన పదిహేనుమందిలో ఇంత చక్కగా అప్పజెప్పినవాళ్ళు లేరు.

"చూశావా బిందూ, ఓపిగ్గా చెప్పాలేగాని వీళ్ళకి అర్థం కాకపోవడమేమిటి?"

బిందుమాధవి గుల్జార్‌బీ పేరు పక్కన టిక్కు పెట్టింది. డాక్టరుగారు చేతులకి గ్లవుజులు తొడుక్కున్నారు.

"ఏదీ, ఇప్పుడా కాలు ఈ స్టూలు మీద పెట్టండి."

"ఆ కాలు గేటుకాడ ఆటోలో ఉందమ్మా, లైన్లో నిల్సోలేక గుల్జార్‌బీ సీటీ నాకిచ్చి నిలబెట్టింది, ఇప్పుడైనా పిలుసుకు రమ్మంటారా?"