పిలవని పెళ్లిళ్లు

ఆ రోజు నా భార్య ఉజ్మా మధ్యాహ్నం కమిటీతో వీడియోకాల్‌లో మాట్లాడింది. సాయంత్రం గుండె ఆగి చనిపోయింది.

వికలాంగులు సినిమా తీసుకోవడానికి డబ్బిచ్చే కమిటీ అది. ఉజ్మా రాసిన కథలో ఒక జంట పిలవని పెళ్లిళ్లకు వెళ్లి బిర్యానీ తింటారు. ఆ జంటలో భార్య చక్రాల కుర్చీ చూసి జనం జాలిపడి ముందు వాళ్లకే వడ్డిస్తారు.

"ఇట్లాంటి వాళ్లు ఎక్కడుంటారమ్మా? మీ కష్టం రాయండి. చూసేవాళ్లు ఏడవాలి," అన్నాడు చైర్మన్. జాలి తప్ప మరో సరుకు లేని మనిషి.

"కష్టం చానా పాతబడింది సార్. బిర్యానీ అయితే వేడిగా ఉంది," అంది ఉజ్మా.

ఆయన నవ్వలేదు. డబ్బివ్వం అన్నాడు.

నిన్న ఆయనే ఫోన్ చేశాడు. "మేడమ్‌ది స్ఫూర్తినిచ్చే జీవితమండీ. ఆమె పోరాటం మీద మేమే సినిమా తీస్తాం. మీరు కెమెరా ముందు కాస్త ఏడిస్తే చాలు."

"ఏంది, నా ఏడుపుకైతే డబ్బుందా?" అని పెట్టేశాను.

ఆమె ఆ కథ కల్పించలేదు. మాచర్ల నుంచి దాచేపల్లి దాకా మేమిద్దరం తిన్న బిర్యానీలే అవి.

రేపు పొద్దున నరసరావుపేట షాదీఖానాలో ఎవరిదో పెళ్లి. ఉజ్మా ఖాళీ చక్రాల కుర్చీకి ఫోన్ కట్టి, తోసుకుంటూ లోపలికి వెళ్లి మొదటి సీను తీస్తాను. ఎవరి తాలూకని అడిగితే ఉజ్మా తాలూకని చెబుతాను.