గొళ్లెం చప్పుడు

తెరలా వెలిగే మా ఇంటి గోడ ఫొటోలూ చప్పుళ్లూ దాస్తుంది. ఏది చూస్తే ఎవరికి ఏది గుర్తొస్తుందో కనిపెట్టి వాటి మధ్య వెలుగు దారాలు కడుతుంది. నావి పసుపు, మా అమ్మాయి హైమవి నీలం; ఎవరివి వాళ్లకే కనిపిస్తాయి.

"అమ్మా, నాన్న సంవత్సరీకం కదా, మన దారాలు కలిపేస్తున్నా," అంది హైమ.

"వద్దే తల్లీ. నావన్నీ వంటింటి గోల," అన్నాను.

"ఆ గోలే విందాంలే," అని నవ్వి, గోడతో "నాన్న" అంది.

తిరునాళ్లలో ఆయన భుజాలెక్కిన హైమ కనిపించింది. ఆ వెనకే, నేను భయపడినట్టే, మా గది గొళ్లెం వచ్చింది. ఆయన అది బిగించాకే నన్ను కొట్టేవాడు. పక్క గదిలో పిల్ల నిద్రపోతోందనుకునేదాన్ని.

గొళ్లేనికి నా పసుపు దారంతో పాటు నీలం దారమూ కట్టి ఉంది.

గోడలోంచి గొళ్లెం పడిన చప్పుడు వచ్చింది. ఇద్దరం ఒక్కసారే తలుపు వైపు చూశాం.