ఏనుగు దిగిన మడుగు

ఎండలకి సగం ఇంకిపోయిన మడుగులో ఒక పరిగె చేప ఉండేది. రోజూ మధ్యాహ్నం ఏనుగు వచ్చి దిగగానే నీళ్ళు పెరిగి, గట్టు మీది పచ్చగడ్డి మునిగేది.

"మేత ఎక్కడుందో ఏనుగు మామకి బాగా తెలుసు. ఇవాళ నేనూ ఆయన వెంటే పోతా," అంది పరిగె.

"మరి ఆయన లేచి వెళ్ళిపోతేనో?" అని అడిగింది రాతికి అంటుకున్న ముసలి నత్త.

"అంత పెద్ద శాల్తీ లేస్తుంటే నాకు కనపడదా తాతా! నేనూ వెంటనే వచ్చేస్తా."

పరిగె గడ్డి మొదళ్ళలో చేరి కడుపారా తింది. ఏనుగు లేవడం చూసింది. చూడగానే వెనక్కి తిరిగింది కూడా. కానీ ఏనుగు లేస్తుండగానే నీళ్ళు దిగిపోయాయి. పరిగె గట్టు మీద ఏనుగు అడుగు పడిన గుంటలో చిక్కుకుంది.

"మామా, వెళ్ళేటప్పుడు ఒక్క మాట చెప్పకూడదా?" అని అరిచింది.

ఏనుగు ఆగింది. ఎవరు పిలిచారా అని అటూ ఇటూ చూసింది. ఎవరూ కనపడక వెళ్ళిపోయింది.

"నీళ్ళున్న చోటు చూసుకుని ఆయన దిగలేదు తల్లీ. ఆయన దిగాడు కాబట్టే అక్కడిదాకా నీళ్ళు వచ్చాయి," అంది నత్త.

"రేపు మళ్ళీ దిగుతాడుగా," అంది పరిగె.

మర్నాడు గుంటలో తడి మాత్రమే మిగిలింది. అంతలో ఏనుగు నీళ్ళలో దిగిన చప్పుడు వినపడి పరిగె ఆశగా తోక ఆడించింది.

ఆ చప్పుడు పక్క మడుగులోంచి వచ్చింది.