నీలిపోగుకు ఎర్రపోగు

నీలిపోగుకు ఎర్రపోగు ముడివేశాను. ఎదురుగా కూర్చున్న అమరావతి చూడలేదు.

గుడియాత్తం కరెంటు మగ్గాల షెడ్డులో మగ్గానికి కొత్త నిలువుపోగుల పడుగు ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పాత పోగు అందిస్తే, ఇంకొకరు అదే రంగు కొత్త పోగు ముడివేస్తారు. అమరావతి కుడిచెయ్యి మిషన్లో నలిగి కట్టులో ఉంది. అందుకే ముడులు నా వంతుకొచ్చాయి. రేపు ఆమె మగ్గం మీద లుంగీ గళ్ళన్నీ చెడతాయి. మా అబ్బాయి గోపినాథ్‌ను పనిలోంచి తరిమినట్టే ఓనరు ఆమెనూ తరుముతాడు.

"బిడ్డ బాగుండాడా వదినా?" అమరావతి అడిగింది.

"నువ్వు ఓనరుకు చాడీ చెప్పినాక యాడ బాగుంటాడు? దేవుడు ఊరికే నలిపినాడా నీ చెయ్యి?"

అమరావతి పోగు వదల్లేదు.

"చాడీ కాదు వదినా. ఫోను చూసుకుంటా బెల్టు కాడ చెయ్యి పెట్టినాడు. నేను లాగినా. వాడి చెయ్యి బయటికొచ్చె, నాది ఇరుక్కునె. మళ్ళీ పెడతాడేమోనని ఓనరుకు చెప్పినా."

"నాకెవురూ చెప్పలేదే!"

"అమ్మకు తెలిస్తే బయంతో చస్తాదని వాడే చెప్పొద్దన్నాడు."

ఎర్రముడులు వెతికి విప్పసాగాను.

"ఏంది వదినా, విప్పేస్తా ఉండావు?"

"నీ మింద పగతో తప్పు ముడులేసినా."

అమరావతి నోరు తెరిచింది.

"తిట్టేది తర్వాత తిట్టు. ముందు పోగు పట్టు. ఇంటికి పోయి ఆ ఫోను రోట్లో యేసి దంచకపోతే నేను వాడి అమ్మనే కాదు."