గడప మీది గిన్నె

తలుపు తీసేసరికి గడప మీద మళ్ళీ గిన్నె ఉంది. ఈసారి సునాముఖి కషాయం. పైన మూసిన పళ్ళెం తీయగానే చేదు వాసన గుప్పుమంది.

దిహియా ఆ గిన్నె తెచ్చి మంచం పక్కన ఠప్పున పెట్టింది. కిటికీ దగ్గర కాఫీ కలుపుతున్న ఘిలాస్ తలెత్తి చూశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పొద్దుటి కాఫీ అతనిదే. ఆమె కప్పులోంచి మొదటి గుక్క దొంగతనంగా తాగి, మీసానికంటిన నురగ తుడుచుకోకుండా అమాయకంగా కూచోవడం కూడా అతని అలవాటే. ఇవాళ ఆమె మొహం చూసి కప్పు జోలికి పోలేదు.

"ఎవరికి చెప్పావు?" అంది.

"దేని గురించి?"

"నా కడుపు గురించి. ఈ ఇంట్లో నీకొక్కడికే చెప్పాను. అదీ దుప్పటి కింద, చెవిలో. ఇవాళ నాకు జులాబు పెట్టేదాకా వచ్చింది."

సంగతి చిన్నదే. పెళ్ళిలో తిన్నదంతా గొర్రెమాంసం కుస్‌కుస్, తేనె కారే బాదం మిఠాయిలు. దానికి తోడు కొత్త ఇల్లు, కొత్త సిగ్గు. కడుపు బిగదీసుకుపోయింది. వాకిట్లో అవతలి గోడవారగా ఉన్న మరుగుదొడ్డికి పగలు అందరి ముందూ వెళ్ళాలంటే ఆమెకు ప్రాణం చచ్చిపోయేది. అందుకని మసీదు నుంచి పిలుపు రాకముందే లేచి, ఫోను వెలుగులో మెట్లు దిగి వెళ్ళి, తెల్లారేదాకా అక్కడే కూచునేది. ఒక్కోసారి బయట దగ్గు వినిపించేది. వాకిట్లో కట్టేసిన మేకకు పడిశం పట్టిందనుకునేది. ఎవరి కంటా పడకుండా వచ్చేశానని మెట్ల మీద మురిసిపోయేది కూడా.

అలాంటిది, గిన్నెలు రావడం మొదలయింది. మొదట ఆలివ్ నూనెలో నానేసిన ఎండు అంజూరాలు. చూడటానికి ముద్దుగానే ఉన్నాయి. కానీ నూనె అంజూరం పరగడుపున ఎవరి చేత తినిపిస్తారో తిజీ ఊజూ పట్నంలో కాలేజీ చదివిన పిల్లకైనా తెలుసు. తీసుకెళ్ళి మేకకు పెట్టింది. తర్వాత నానబెట్టిన ఆల్‌బుఖారాలు, నీళ్ళతో సహా. అవీ మేకకే. ఆ తర్వాత జిగురు తేలిన అవిసె గింజలు. గిన్నె గిన్నెకీ మందు ముదిరింది. తన కడుపు మాత్రం కదల్లేదు. మేక దివ్యంగా ఉంది.

ఎవరికీ చెప్పలేదని ఘిలాస్ తన తల్లి మీద ఒట్టు పెట్టుకున్నాడు. గిన్నెలు పెట్టే మనిషి మీదే ఒట్టు పెడుతున్నావా అని దిహియా మండిపడింది.

"నా కడుపులో మాట నీ కడుపులో ఆగలేదని తేలిందనుకో, సాయంత్రం బస్సుకి మా నాన్న దగ్గరికి పోతాను. ఊరంతా వచ్చి పిలిచినా రాను."

అతని మొహం పాలిపోయింది. వాళ్ళ కొండ ఊళ్ళలో కొత్తకోడలు అలిగి పుట్టింటికి పోవడమంటే మాటలు కాదు. పెద్దమనుషులు వెంట వెళ్ళాలి, కారణం నలుగురిలో చెప్పాలి. ఈ కారణం నలుగురిలో ఎలా చెప్పడం?

దిహియా గిన్నె పట్టుకుని గబగబా వంటింట్లోకి దిగింది. వెనకే ఘిలాస్. అత్తగారు వర్దియా బార్లీ పిండిని కోపమంతా చూపించి పిసుకుతోంది.

"ఇదేంటి అత్తమ్మా?"

"ఆ మాట నేనడగాలి. నా అంజూరాల జాడీ సగానికి దిగిపోయింది. చుట్టాలొస్తే పెడదామని దాచినవి. ఆకలేస్తే అడగొచ్చుగా తల్లీ, చీకట్లో జాడీలో చెయ్యి పెట్టడమెందుకు?"

"నేను దొంగనా?"

"మరి నేను నీకు జులాబు పెట్టానా? చూడు, ఆ చేతిలోది నా సునాముఖే. ఎక్కడ పోయిందా అని అలమరా అంతా దులిపాను." వర్దియా కొడుకు వైపు తిరిగి, కట్టుకున్నదాన్ని అదుపులో పెట్టుకోమంది. ఇప్పటికే మీ నాన్నతో వేగలేక చస్తున్నాను, ఎన్నడూ లేనిది పొద్దుటి నమాజుకి ఆలస్యంగా పోతున్నాడు, ఒంట్లో బాగాలేదా అని ఇమాము ఇంటికొచ్చి మరీ అడిగిపోయాడు అని వాపోయింది.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఘిలాస్‌ని చూశారు. అతను రెండు చేతులూ పైకెత్తాడు.

అప్పుడు గడప అవతల దగ్గు వినిపించింది. మామగారు అరెజ్కి దగ్గు అది. కోడలున్న చోటికి ఆయన దగ్గకుండా రాడు. ఆమెతో నేరుగా మాట కలపడు. చెప్పాల్సింది ఏదైనా భార్యతోనే చెప్పి పంపిస్తాడు. అదక్కడి మర్యాద. ఇప్పుడూ లోపలికి రాలేదు. ఇటు వీపు పెట్టి, చేతికర్ర మీద వాలి, మేక వంక చూస్తూ నిలబడ్డాడు.

"వర్దియా, కోడలితో చెప్పు. వాడి తప్పేం లేదు. గిన్నెలు నేనే పెట్టాను."

దిహియాకు చేతిలో గిన్నె ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. "మామయ్యగారికెవరు చెప్పారో అడగండి అత్తమ్మా," అంది సన్నగా.

అరెజ్కి ఇంకోసారి దగ్గాడు. అచ్చం తెల్లారగట్ల విన్న ఆ దగ్గే.

"ఒకరు చెప్పాలా? ఇంట్లో నలుగురం, దొడ్డి ఒక్కటి. రోజూ చీకటితోనే నీళ్ళచెంబు పట్టుకుని ఆ తలుపు బయట నిలబడేదీ, గడియ చప్పుడు కాగానే గోడ చాటుకి తప్పుకునేదీ నేనే. నమాజుకి ఇమాము ఆగితే ఆగుతాడేమో, ముసలి కడుపు ఆగదని చెప్పు."