మధ్య పెట్టె లేని సినిమా

కొత్తింటి హాల్లో పెట్టిన నల్ల స్పీకరు పెట్టెను మామ ఖమ్‌ఫూన్ వేలితో తట్టి చూశాడు.

"ఇదిగో, ఇది అరుస్తుందా?"

"గోడలు అదురుతాయి మామా," అన్నాడు సోంకిత్.

థాయిలాండ్ ఈశాన్యాన ఉన్న ఇసాన్ పల్లెల్లో పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వస్తాడు. సోంకిత్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఊరికి మాత్రం ఇంకా బయటివాడే. మామ అతన్ని పేరు పెట్టి పిలవడు. అవసరమైతే 'ఇదిగో' అంటాడు.

ఇవాళ గృహప్రవేశం. భిక్షువుల భోజనాలయ్యాక ఊరందరికీ హాల్లో సినిమా. ఇవాళైనా వీళ్ళు తనని తమవాడనుకోవాలి. ఆ ఆశతోనే సోంకిత్ ఈ హోమ్ థియేటర్ సెట్టు కొన్నాడు.

తెర కింద పెట్టే మధ్య పెట్టె కూడా తీసుకుందామని కొట్లోనే భార్య బువాలై చెప్పింది. మనుషుల మాటలు అందులోంచే వస్తాయని కొట్టువాడూ అన్నాడు.

సోంకిత్ ఒప్పుకోలేదు. ఊరేగింపు బళ్ళ మీద గుండెలదిరే పాటలు వింటూ పెరిగిన మనిషి. దాని బదులు ఇంకో బేస్ పెట్టె తెచ్చుకున్నాడు.

"మాటలదేముంది, ఎలాగూ వినబడతాయి," అన్నాడు.

వినబడలేదు.

సినిమాలో ఏనుగులు పరుగెత్తితే గ్లాసుల్లో నీళ్ళు వణికాయి. వాన కురిస్తే జనం తలెత్తి కప్పు వైపు చూశారు. తర్వాత రాజు నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

రాణి కూడా చప్పుడు లేకుండా ఏడ్చింది.

సోంకిత్ వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. రిమోట్ మీద బటన్లన్నీ నొక్కాడు. ఏనుగులు ఇంకా గట్టిగా పరుగెత్తాయి.

రాజుగారికి పంటినొప్పేమోనని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒక్కొక్కరే లేవసాగారు. మామ కూడా లేచాడు. చెప్పుల కోసం చూశాడు. దానికన్నా తిట్టినా బాగుండేది.

అప్పుడు గోడవార కూర్చున్న ముసలాయన లేచాడు. బొప్పాయి సలాడ్ దంచడానికి పొరుగూరి నుంచి వచ్చిన చాన్ అనే ఆవిడ భర్త. అప్పటిదాకా ఆయన తెరనూ చూశాడు, జనం మొహాలనూ చూశాడు.

నేరుగా వచ్చి, పాటలు పాడుకోవడానికి పెట్టిన మైకు తీసుకున్నాడు. తెరకు ఎదురుగా నిలబడ్డాడు.

రాజు మళ్ళీ నోరు తెరిచాడు.

"ఒసే రాణీ, యుద్ధం సంగతి తర్వాత. ముందు బంకన్నం ఉడికిందా లేదా?"

హాలంతా ఒక్కసారి తలలు తిప్పి చూసింది. ఆ తర్వాత విరగబడి నవ్వింది.

రాణి గొంతు సన్నగా పలికింది.

"రాజ్యాలు తర్వాత తెద్దువుగాని. ఇంట్లో ఊరవేసిన చేపలు నిండుకున్నాయి, అవి తే."

సేనాపతి, సన్యాసి, చంటిబిడ్డ, అందరూ ఆ ఒక్క గొంతులోంచే వచ్చారు. పెదవి కదిలితే మాట. పెదవి ఆగితే మాటా ఆగింది. లేచినవాళ్ళు కూర్చున్నారు. దారినపోయేవాళ్ళు కిటికీలు పట్టుకుని వేలాడారు. వెనకటికి మైదానంలో తెర కట్టి, అందరి మాటలూ ఒక్కడే మైకులో ఇలాగే చెప్పేవాడని ముసలమ్మలు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

చివర్లో, చావు దగ్గరపడ్డ రాజు సేనాపతి చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ ఇంటి అల్లుడిలాంటివాడు నాకూ ఒకడుంటే, ఈ యుద్ధం ఓడిపోయేవాణ్ణా?"

చప్పట్లకు గోడలు అదిరాయి. రెండు బేస్ పెట్టెలూ కలిసినా అంతగా అదరలేదు.

మామ గ్లాసులో సారా పోసి తనే తెచ్చాడు.

"తాగు బిడ్డా," అన్నాడు.

సోంకిత్ రెండు చేతులా గ్లాసు అందుకున్నాడు. బువాలై అటు తిరిగి చొక్కా భుజానికే మొహం తుడుచుకుంది.

ఆ సందడిలో ముసలాయన మైకు పెట్టేసి మెట్లు దిగాడు. భోంచేసి వెళ్ళమని సోంకిత్ వెనక నుంచి పిలిచాడు. మామ కూడా పిలిచాడు. ఆయన తిరిగి చూడలేదు. మలుపు దాటి బస్సుల రోడ్డెక్కేశాడు.

రోలు సర్దుకుంటున్న చాన్ దగ్గరికి వెళ్ళి మామ నొచ్చుకున్నాడు.

"మీ ఆయనకి అంత గర్వమేం చెల్లెమ్మా? ఊరు ఊరంతా చప్పట్లు కొడితే ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు."

చాన్ రోకలి తుడుస్తూనే జవాబు చెప్పింది.

"గర్వం కాదన్నా. ఆ మైదానాల్లో పెద్ద స్పీకర్ల పక్కన నిలబడి చెప్పీ చెప్పీ ఎప్పుడో చెవులు పోయాయి. ఇవాళ ఆయన అన్న మాటల్లో ఒక్కటి కూడా ఆయనకి వినబడలేదు."