మిగిలిన నాలుగు రోజులు

"ఉత్తరం రాసిస్తేగాని ఇక్కణ్ణుంచి కదలనండి," అంది నాగేశ్వరి, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

ఫిల్మ్ నగర్‌లోని ఆ సినిమా ఆఫీసులో ప్రొడక్షన్ మేనేజర్ త్రినాథరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏం ఉత్తరమమ్మా?"

"మా ఆయన ఆపరేషన్ చేయించుకోవచ్చని. మీ సినిమాలో పడవవాడి వేషం వేశాడే, వీరభద్రం."

రెండేళ్ల కిందట లారీ గుద్ది వీరభద్రం తొడ ఎముక విరిగితే, లోపల స్టీలు రాడ్డు వేసి మరలు బిగించారు. దానికి చీము పట్టింది. ఏడాదిగా తొడ కారుతూనే ఉంది. నాగేశ్వరి పాత చీరలన్నీ కట్లకే చిరిగిపోయాయి. రాడ్డు తీసేయాలని డాక్టరు మొత్తుకుంటున్నా వీరభద్రానిది ఒకటే మాట: "నా షూటింగు ఇంకా నాలుగు రోజులుంది. మంచాన పడితే ఒళ్లు మారుతుంది, నడక మారుతుంది. కంటిన్యుటీ పోతుంది." గడ్డమైనా గీయించుకోలేదు. పదిహేనేళ్లు గుంపులో నిలబడ్డాక దొరికిన మొదటి పెద్ద వేషం మరి.

"నిన్న జ్వరంతో పడిపోతే ఆస్పత్రిలో చేర్చాను. రేపటికల్లా రాడ్డు తీయకపోతే కాలే తీసేయాలట. అయినా సంతకం పెట్టడు. కంపెనీ ఒప్పుకోవాలట. మీ హీరోగారికి పన్ను నొప్పెడితే వారం రోజులు షూటింగు ఆపుతారు. మా ఆయనది కాలు కాదాండీ?"

నాగేశ్వరి బల్ల మీదున్న తెల్లకాగితం అతని ముందుకు జరిపింది.

"రాయండి. మీ నాలుగు రోజులూ ఆయన లేచాకే తీసుకోండి."

"అమ్మా, ఆ వేషం సినిమాలో లేదు. నిడివి ఎక్కువైందని తీసేశాం. దసరాకే షూటింగు పూర్తిచేసి గుమ్మడికాయ కూడా కొట్టేశాం."

నాగేశ్వరి బల్ల అంచు పట్టుకుంది. దసరా వెళ్లి అయిదు నెలలు. అయిదు నెలలుగా ఆ మనిషి కుళ్లిన కాలితో వీధి గుమ్మంలో కూర్చుని కంపెనీ కారు కోసం చూస్తున్నాడు.

"ఆ ముక్క చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదా? మేముండే రహమత్ నగర్ ఏమంత దూరమండీ? మీరూ మనుషులేనా?"

త్రినాథరావు తల దించుకున్నాడు.

"ఆ గుమ్మడికాయ కొట్టింది మీ ఆయనేనమ్మా."